చల్లారకముందే

రెబ్కా రెండు వేళ్ళు ఇంద్రాణి టీచరు మణికట్టు మీద ఉన్నాయి. కళ్ళు మాత్రం తన చేతిగడియారంలోని సెకన్ల ముల్లు మీద ఉన్నాయి. డెబ్బై ఎనిమిది. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది గానీ అదేమీ కొత్త సంగతి కాదు. గడియారం ఇంకా ఢిల్లీ టైమే చూపిస్తోంది. అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర, ఇక్కడ చోంగ్‌చింగ్‌లో ఏడు. హోటలు కిటికీ అవతల పొగమంచులో నలభై అంతస్తుల మేడలు కొండల మీద ఎగుడుదిగుడుగా నిలబడి ఉన్నాయి. నోయిడాలో తాము ఉండే అపార్టుమెంట్ల సొసైటీనే ఎవరో తెచ్చి మెట్ల మీద పెట్టారనిపించింది రెబ్కాకు.

బీపీ చూసింది. నాలుగు మాత్రలు ఒక్కొక్కటే మింగించింది. దుప్పటి తొలగించి చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, కానీ నిన్నటికంటే లోతుగా లేదు.

"ఏమంటోంది నా గుండె?" అంది ఇంద్రాణి.

"నడుస్తుందండీ టీచరుగారూ. కుంటుకుంటానే నడుస్తుంది."

"నాలాగే అన్నమాట. నది దగ్గరికి ఎన్నింటికి?"

ఈ ప్రశ్న ఆవిడ రాత్రి పడుకోబోయే ముందూ అడిగింది, విమానంలోనూ అడిగింది. ఢిల్లీలోని ఒక తెలుగు బడిలో ముప్ఫై ఆరేళ్ళు భూగోళం చెప్పిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ప్రతి ఏడూ నల్లబల్ల మీద యాంగ్‌ట్సీ నదిని నీలం సుద్దతో ఆ చివరి నుంచి ఈ చివరికి గీసి, దాని మీద ఊళ్ళ పేర్లు రాసి, గంట కొట్టగానే తుడిపేసేది. సొసైటీలోని పెద్దవాళ్ళు పద్నాలుగు మంది కలిసి నైరుతి చైనాకు టూరు వేసుకుంటున్నారని తెలిసిన రోజే, ఎవరినీ అడక్కుండా పేరు రాయించేసింది. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసు, మూడో వంతు మాత్రమే పనిచేసే గుండె. డాక్టరు తల గోక్కుని, నర్సు వెంట ఉంటే వెళ్ళవచ్చు, ఎత్తు ప్రదేశాలకు మాత్రం వద్దన్నాడు.

అక్క కూతురు నవ్యశ్రీ మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. గురుగ్రామ్‌లో ఆఫీసు మానుకుని వచ్చి, విమానం ఎక్కే పూట రెబ్కా చేతులు రెండూ పట్టుకుంది. "ఆంటీ, పిన్నికి బయట తిండి ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. ఉప్పు తగిలితే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది, నాకంటే మీకే బాగా తెలుసు. ప్రామిస్?" రెబ్కా మాటిచ్చింది. అందుకే పెట్టెలో సగం ఉప్పు లేని అటుకులు, ఉప్పు లేని రవ్వ. పాస్‌పోర్టులున్న సంచిలో ఇంకో కాగితం కూడా ఉంది. గుండె ఆగితే తన ఛాతీ మీద ఎవరూ గుద్దరాదని, గొంతులో గొట్టం వేయరాదని ఇంద్రాణి సంతకం చేసిన కాగితం. కింద నవ్యశ్రీ సంతకం కొంచెం వంకరపోయింది, ఏడుస్తూ పెట్టింది మరి.

రెబ్కా గురించి చెప్పుకోవాలంటే పెద్దగా ఏమీ ఉండదు. పొట్టి మనిషి, బిగించి చుట్టిన కొప్పు, ఏళ్ళ తరబడి నిలబడి వెడల్పయిన పాదాలు, పిక్కల మీద తేలిన నరాలు. రేపల్లె దగ్గరి పల్లెలో పుట్టి, మిషను ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని, ఇరవై ఒకటో ఏట రేకు పెట్టెతో ఢిల్లీ రైలెక్కింది. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే ఆసుపత్రి. రిటైరయ్యాక మూడేళ్ళుగా ఇంద్రాణి టీచరు ఇల్లు. ఇన్నేళ్ళలో ఆమె వేడివేడిగా అన్నం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. క్యారేజీ మూత తీయగానే ఏదో ఒక మంచం దగ్గర గంట మోగేది. తిరిగొచ్చేసరికి పప్పు గడ్డకట్టేది. అన్నం ఎంత చల్లారినా స్తోత్రం మాత్రం వేడిగానే చెప్పుకునేది. దేవుడిచ్చింది చల్లగా ఉందని దేవుడితో తగవు పెట్టుకునే మనిషి కాదు.

ఆమెకున్న ముల్లు వేరు. ఆపరేషన్ అయినవాళ్ళ మంచం కాళ్ళ దగ్గర ఒక చిన్న అట్ట తగిలిస్తారు, మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఎన్‌బీఎం. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. ఆ అట్టను రెబ్కా ఎన్ని వందల మంచాలకు తగిలించిందో. వాళ్ళలో చాలామంది అది వేలాడుతుండగానే, తడి దూదితో పెదాలు అద్దించుకుంటూ పోయారు. ఆరేళ్ళ కిందట భర్త సాలొమోనుకు పేగు ఆపరేషన్ అయినప్పుడు కూడా అట్టను తనే తగిలించింది. మూడో రోజు సాయంత్రం, నర్సుల గదిలోంచి కాఫీ వాసన వస్తుంటే, "గుక్కెడియ్యవే" అన్నాడు. "రేపిస్తాలే" అంది. తెల్లవారేలోగా పోయాడు. ఆ గుక్కెడు కాఫీ ఇచ్చినా పోయేవాడే, ఆ సంగతి నర్సుగా ఆమెకు తెలుసు. భార్యగా మాత్రం ఈనాటికీ ఒప్పుకోలేకపోతోంది.

పదకొండింటికి బస్సు రేవు దగ్గర దింపింది. రెండు నదులు కలిసే చోటు. ఇటునుంచి పచ్చటి నీళ్ళు, అటునుంచి యాంగ్‌ట్సీ బురద నీళ్ళు. రెండూ కొంత దూరం ఒకదాన్నొకటి ముట్టుకోకుండా పక్కపక్కనే పోతున్నాయి. సొసైటీవాళ్ళు ఫోటోల హడావుడిలో పడ్డారు. రఘునందన్ అనే రిటైర్డు బ్యాంకు ఆఫీసరు గట్టు మీదే డబ్బా విప్పి, నోయిడా నుంచి తెచ్చిన మెంతి పరోటాలు పంచుతున్నాడు. ఇంద్రాణి టీచరు కటకటాలు పట్టుకుని నీళ్ళనే చూసింది. చాలాసేపు చూసింది.

"ముప్ఫై ఆరేళ్ళు తప్పు చెప్పాను రెబ్కా," అంది చివరికి. "నీలం సుద్దతో గీశాను. ఇది చూడు, అచ్చం మన ఫిల్టర్ కాఫీ రంగు." ఆ తప్పు దొరికినందుకు ఆవిడ ముఖం వెలిగిపోయింది.

టూరు మేనేజరు క్రాంతి వరంగల్ వాడు. సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చి ముఖర్జీ నగర్‌లో తొమ్మిదేళ్ళు చదివి, ఉద్యోగం రాకపోయినా ప్రపంచ పటం మొత్తం నోటికొచ్చింది కాబట్టి ఈ పనిలోకి దిగాడు. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. పాత బజారు మెట్ల కింద ఆగి, సందులోని ఒక నూడుల్స్ కొట్టు చూపించాడు.

"టీచరమ్మా, పైకి నూట యాభై మెట్లున్నయ్. మీరు గీడ్నే కూసోండ్రి. అర్ధగంటల మేం అచ్చేస్తం. రెబ్కా ఆంటీ, మీకైతే ఒక గిన్నె చెప్తున్న, మాంసం లేకుంట, కారం తక్వ. ఠీక్ హై?"

ఫోనులో ఏదో చీనా మాట పలికించి కొట్టామెకు వినిపించాడు. ఆమె తలాడించింది. యాభై ఏళ్ళుంటాయి, చేతులకు పూల గుడ్డ తొడుగులు, బుగ్గల మీద ఆవిరి చెమట. జనం మెట్లెక్కి వెళ్ళిపోయారు. మోకాలెత్తు బల్ల దగ్గర ప్లాస్టిక్ పీటల మీద ఇద్దరే మిగిలారు. రెబ్కా సంచిలోంచి అటుకుల డబ్బా తీసి ఇంద్రాణి ముందు పెట్టింది.

కొట్టులో నూనె కాగుతోంది. ఎండుమిర్చి, నువ్వులు, వెల్లుల్లి, ఇంకా పేరు తెలియని నిమ్మతొక్కలాంటి ఘాటు ఒకటి కలిసి ముక్కును తాకాయి. పక్క గిన్నెలో సోయాపాల గడ్డ, అచ్చం జున్నులా వణుకుతోంది. ఇంద్రాణి మెడ సాచి చూసింది.

"నాకూ ఒకటి చెప్పు."

"వద్దండీ. నవ్యమ్మకి మాటిచ్చాను."

ఇంద్రాణి వాదించలేదు. అటుకులు ఒక చెంచా నోట్లో వేసుకుని నమిలింది. ఆ తర్వాత పీటను కొంచెం ముందుకు జరుపుకుంది.

"సరేలే. వాసన పీల్చుకుంటాను. దానికి మాటివ్వలేదుగా?"

ఆవిడ హాస్యానికే అంది. రెబ్కాకు మాత్రం నర్సుల గదిలోంచి వచ్చిన కాఫీ వాసన గుర్తొచ్చింది. మళ్ళీ అదే. వాసన ఒకరికి, గిన్నె ఇంకొకరికి. ఈ మనిషి మంచానికి ఏ అట్టా లేదు, అయినా రోజుకు మూడు పూటలా తనే తగిలిస్తోంది. ఇచ్చిన మాట మాటే. కానీ ఎదురుగా కూర్చున్నది ఒక గుండె, రెండు ఊపిరితిత్తులు కాదు, ఆకలేస్తున్న ఆడమనిషి. రెబ్కా కొట్టామె వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించింది. తర్వాత ఆ జున్నులాంటి దాన్ని వేలితో చూపించింది.

"రసం తాగకూడదు," అంది కఠినంగా, ఇంద్రాణి వైపు చూడకుండా. "ముక్కలు తిని వదిలెయ్యాలి."

గిన్నెలొచ్చాయి. పొగలు కక్కుతున్నాయి. రెబ్కా చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ ఆహారాన్ని బట్టి నీకు స్తోత్రం. దీన్ని చేసిన చేతుల్ని దీవించు…" ఆమె స్తోత్రం మామూలుగానే పొడుగు. వార్డులో పోయినవాళ్ళ పేర్లు కొన్ని అందులో స్థిరపడిపోయాయి. కళ్ళు తెరిచేసరికి ముందున్న గిన్నె లేదు. కొట్టామె కంగారుగా నూనె తక్కువ వేసిన ఇంకో గిన్నె పెడుతోంది.

తిండి చూసి ముఖం ముడుచుకుని కళ్ళు మూసుకున్న పరదేశిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? కారం ఎక్కువైందనుకుంది పాపం. రెబ్కాకు అది తోచలేదు. ఇది కొత్త గిన్నె, దీని మీద స్తోత్రం చెప్పలేదు, చెప్పకుండా ఎలా తినడం? మళ్ళీ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి ఆ గిన్నె కూడా పోయింది. మూడోది వచ్చింది, పైన వేయించిన గుడ్డుతో సహా. కొట్టామె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నొప్పా అని సైగ చేస్తోంది. ఇంద్రాణి టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది.

"చెప్పరేంటండీ!"

"పాఠం మధ్యలో మాట్లాడకూడదు," అంది ఇంద్రాణి కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత కొట్టామెకు తనే చెప్పింది. చేతులు జోడించి, గిన్నెను చూపించి, ఆకాశాన్ని చూపించి, చివరికి ఆమె పూల తొడుగుల చేతుల్ని చూపించింది. కొట్టామె ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ!" అంటూ తొడ చరుచుకుని నవ్వి, తనూ చేతులు జోడించింది.

"ఈసారి కళ్ళు తెరుచుకునే చెప్పుకోవే తల్లీ. నువ్వు ఇంకోసారి కళ్ళు మూసుకున్నావంటే ఆవిడ కొట్టు మూసుకోవాలి."

రెబ్కా కళ్ళు తెరుచుకునే స్తోత్రమంది. వేడివేడిగా తింది. మూడో ముద్దకు నాలుక తిమ్మిరెక్కింది, మత్తు జెల్ పూసినట్టు. ఆ తిమ్మిరి కిందనుంచి రుచి మెల్లగా పైకి వచ్చింది. పిలిచే గంట లేదు. ఎవరూ లేవమనలేదు. ముక్కు కారుతుంటే నవ్వొచ్చింది. ఇంత చిన్న సుఖానికి తను ముప్ఫై ఏడేళ్ళు మొహం వాచిపోయి ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇంద్రాణి చెంచాతో తొందరలేకుండా తింది. ముక్కలయ్యాక గిన్నె రెండు చేతులతో ఎత్తి రసం తాగింది. రెబ్కా చూసి కూడా ఆపలేదు.

"నోరంతా జివ్వుమంటోంది రెబ్కా. ఎన్నాళ్ళకి!" అని గిన్నె దించింది. "ఇంత బాగుంటే ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపిస్తుంది. నాకేమో దేవుడు లేడాయె."

"మీ తరఫున నేను చెప్తాలెండి."

"వద్దు. నేనే చెప్పుకుంటాను." ఇంద్రాణి వెనక గోడకు ఆనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా బుద్ధిగా కళ్ళు మూసుకుంది.

గిన్నెలు తీయడానికి వచ్చిన కొట్టామె చెయ్యి చాచి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది. ఈసారి గిన్నె ముట్టుకోలేదు. తొడుగులు పైకి లాక్కుని, చేతులు జోడించి పక్కన నిలబడింది. రెబ్కా కూడా ఎదురుచూసింది. మొదటిసారి చెప్పుకునేవాళ్ళకు చెప్పుకోవలసినవి చాలా ఉంటాయని అనుకుంది.

తర్వాత ఆవిడ ఒళ్ళోని చెయ్యి ఒకటి పక్కకు జారింది. రెబ్కా రెండు వేళ్ళతో మణికట్టు పట్టుకుంది. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. మెడ దగ్గర చూసింది. సంచిలో కాగితం ఉంది. లేకపోయినా ఆ ముఖం చూస్తూ ఆ ఛాతీ మీద చెయ్యి వేయగలిగేది కాదు. ఒరగబోతున్న తలను తన భుజం మీదికి తీసుకుంది. కొట్టామె ఇంకా చేతులు జోడించే ఉంది. రెబ్కా ఆమెను తొందరపెట్టలేదు.

క్రాంతి మెట్లు రెండేసి దిగుతూ వచ్చాడు. అంబులెన్సు వచ్చింది. కాగితాలు చూసుకుని, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. సందు మొదట్లో బండి ఆగి ఉండగా రెబ్కా గురుగ్రామ్‌కు ఫోను చేసింది. చెప్పవలసింది చెప్పింది. అవతల ఏడుపు తగ్గేదాకా ఆగింది. ఇక చెప్పకపోయినా ఎవరికీ తెలియని మాట ఒకటి మిగిలింది.

"నవ్యమ్మా, నీకిచ్చిన మాట తప్పాను తల్లీ. ఈ సందులో కొట్టు దగ్గర ఒక గిన్నె పెట్టించాను. రసం కూడా తాగనిచ్చాను. దానివల్ల కాదని నాకు తెలుసు, కానీ నీకు చెప్పాలిగా."

అవతల నవ్యశ్రీ ముక్కు చీదుకుంది.

"ఇష్టంగా తిందా ఆంటీ?"

"గిన్నె ఖాళీ చేసింది."

"ఆర్నెల్లుగా రోజూ ఫోన్ చేసి బరువెంత, ఉప్పెంత అని అడిగాను ఆంటీ. ఏం తినాలనుంది పిన్నీ అని ఒక్కసారి కూడా అడగలేదు." ఏడుపు ఆపుకుని మళ్ళీ అంది. "మీరు పక్కన ఉన్నారు. థాంక్యూ ఆంటీ."

"చలో ఆంటీ, బండి పోతది," అని క్రాంతి పిలిచాడు. సంచి కోసం రెబ్కా కొట్టు దగ్గరికి వెళ్ళింది. కొట్టామె సంచిని రెండు చేతులతో అందించింది. మధ్యాహ్నపు జనం పెరిగి పీటల కోసం నిలబడి ఉన్నారు, అన్ని బల్లలూ తుడిచి ఉన్నాయి. ఆ ఒక్క బల్ల మీద మాత్రం ఇంద్రాణి టీచరు గిన్నె పెట్టిన చోటే ఉంది, అంచుకు ఆనించిన చెంచా, అడుగున రెండు వేయించిన సోయాగింజలు, ఒక కొత్తిమీర కాడ.