రీలు చివరి కొంగలు

గంగాళాలు దించడానికి మేడెక్కాను. ఆ రోజు మా రొయ్యల చెరువు పట్టుబడి, రొయ్యలు పట్టడానికి వచ్చిన ఇరవై మందికి భోజనాలు. "వంట సంగతి మీరు చూసుకుంటారుగా, నాగవల్లిగారూ" అని పొద్దున్నే చెప్పి వెళ్లారు మావారు శ్రీనివాసరాజుగారు. మా రాజుల ఇళ్లలో పెళ్లాన్ని కూడా అండీ, గారూ అనే పిలుస్తారు. పై ఊళ్లవాళ్లు విని ముచ్చటపడతారు. అంత మర్యాదగా పురమాయించిన పనిని కాదనడం పదకొండేళ్లుగా నాకు చేతకాలేదు.

మేడగది బీరువాలో ఆయన కెమెరా ఉంది. రీలుకు ముప్ఫై ఆరు ఫొటోలు. ముప్ఫై దాటేసరికి ఆయనకు విసుగొస్తుంది. రీలు పూర్తయితేగానీ పాలకొల్లు స్టూడియోకి కడగడానికి పంపరు. అందుకని "ఆ మిగిలినవి ఏవో ఒకటి కొట్టేయండి" అని నా చేతికిస్తారు. అలా మూడేళ్లుగా మేడ మీది నుంచి, మా పెరటి గోడ పక్కనే ఉన్న చెరువు గట్టు మీద కొంగల్ని తీస్తున్నాను. కొంగ అనగానే అందరికీ జపమే గుర్తొస్తుంది. నాకు తెలిసిన కొంగలు వేరు. చేప దగ్గరా, నిలబడే జాగా దగ్గరా మెడలు నిక్కించి, ఈకలు రేగ్గొట్టుకుని, ఒకదాని మీదికొకటి ఎగురుతాయి. ఆ ఎగిరే క్షణం నాకు ఒక్కసారీ దొరకలేదు. కాళ్లు నేల విడిచేలోగా రీలు అయిపోయేది. కడిగొచ్చిన ఫొటోలు చూసి మావారు, "పోట్లాటలేంటండీ, పువ్వుల్ని తీసుకోవచ్చుగా" అని నవ్వారు. మా అత్తగారు బంగారమ్మగారు నన్ను వెనకేసుకొస్తూ, "పోనీలెండి బాబూ, మిగిలినవే కదా" అన్నారు. నాకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మగవాళ్లకు ముక్కలు వడ్డించాక, చేపల పులుసు గిన్నె అడుగున అన్నం కలుపుకుంటూ ఆవిడ ఇదే మాట అంటారు. ఆవిడ పక్కన కూర్చుని నేనూ అదే తింటాను.

కిందికి చూస్తే చెరువులో నీళ్లు సగానికి పైగా తీసేశారు. మనుషులంతా ఐసు లారీ దగ్గరున్నారు. రోజూ టపాకాయలు కాల్చి తోలే కొంగలు ఇవాళ వందల్లో బురదలోకి దిగాయి. రెండు అప్పుడే మెడలు నిక్కించాయి.

కెమెరాలో రాత్రే కొత్త రీలు వేశారు. మేత కంపెనీవాళ్లు వస్తున్నారు, పెద్ద రొయ్యలు పట్టుకుని వాళ్లతో ఫొటోలు దిగాలని. కిందనుంచి అత్తగారు గంగాళాలేవని కేకేశారు. నేను బీరువా తెరిచాను.

మొదటి ఫొటో తీశాను. ఈసారి తొందరపడనక్కర్లేదు, ఇంకా ముప్ఫై ఐదు ఉన్నాయి. కొంగలు గాలిలో ఎదురెదురుగా లేచాయి, కాళ్లు చాచి, ముక్కులు తెరిచి. వాటిని చూస్తే నాకు అసూయ కలిగింది. నెమ్మదిగా పోట్లాడుకోమని వాటికెవరూ చెప్పలేదు. ఎక్కడా ఆపకుండా చివరిదాకా తీశాను. రీలు బొడ్లో దోపుకుని, కెమెరా ఎక్కడిదక్కడ పెట్టి, గంగాళాలు దించాను.

మధ్యాహ్నం వాకిట్లో మేత కంపెనీవాళ్లు రొయ్యలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. మావారు కెమెరా తెచ్చి, వెనక మూత తీసి చూసి, వంటింటి గుమ్మం దాకా వచ్చారు.

"ఖాళీగా ఉందేంటండీ? రాత్రే కదా కొత్త రీలు వేశాను."

పులుసు గిన్నె దగ్గర అత్తగారు తలెత్తారు.

"నేనే తీసేశానండీ, ముప్ఫై ఆరూ" అన్నాను. "ఈసారి మీకేం మిగల్లేదు."