చక్రం కింది పిరికిచెక్క

నేను ఒక పిరికి చెక్కను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. ఏటవాలులో బండి ఆపినప్పుడు వెనక్కి జారిపోకుండా చక్రం కింద ఒక అడ్డుచెక్క పెడతారు చూడండి, అది నేనే. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్చగా, కోసిన పుచ్చకాయ ముక్కలా ఉంటాను. అంత బండిని ఆపుతోందంటే దీనికెంత ధైర్యమో అనుకుంటారు మీరు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి చక్రాన్నీ చూసి వణికినదాన్నే.

అసలు చక్రం కిందకి రావలసిన పుటక కాదు నాది. తుఫానుకి కూలిన నల్లమద్ది కొమ్మతో గౌరయ్య అనే వడ్రంగి ఒక పెళ్ళివారికి మంచం చేశాడు. నాలుగు కోళ్ళూ చేశాక మిగిలిన ముక్కని నేను. నా తోబుట్టువులు నలుగురూ పెళ్ళివారింట్లో పరుపు మోస్తూ కులాసాగా కూర్చున్నారు. నన్ను మాత్రం దారిన పోయే లారీ డ్రైవరు అడిగి పట్టుకుపోయాడు. దేనికైనా పెట్టి పుట్టాలి.

ఆ లారీ ఏజెన్సీ కొండల నుంచి పసుపు బస్తాలు దించేది. ఒకసారి ఘాట్ రోడ్డు మలుపులో, నేను కింద ఉండగానే, జానెడు వెనక్కి జరిగింది. డ్రైవరు గుండె గుభేలుమంది. కిందకి దిగి నన్ను కాలితో నాలుగు తన్నులు తన్ని, "పర్లేదు, గట్టిదే" అన్నాడు. తమ భయాన్ని నోరులేని వాటి మీద చూపించడం మనుషులకి అలవాటు. లారీ తుక్కుకి పోయాక అతను నన్ను గాసన్నకి ఇచ్చేశాడు.

గాసన్న కొండ కింద గూడెం మనిషి. వానాకాలంలో ఎర్రగుమ్మి కొండ మీదికి జీపులో యాత్రికులని ఎక్కిస్తాడు. పైన గడ్డి, నాలుగు బండలు, వాటి చివర లోయ. అంతకు మించి ఏమీ లేదు. పొద్దున్నే వెళితే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. ఆ ఏమీ లేనిదాన్ని చూడ్డానికే జనం ఎంతెంతో దూరం నుంచి వస్తారు.

జీపు ముసలిది. హ్యాండ్‌బ్రేకు పేరుకే ఉంది. గేరు కూడా ఒక్కోసారి దానంతటది జారిపోతుంది. గాసన్నకి ఇదంతా తెలుసు కాబట్టి అతనికొక పద్ధతి ఉంది. బండి ఆపగానే గేరులో వేసి, దూకి, నన్ను వెనక చక్రం కింద పెట్టి, నన్ను తాకిన చేతులు కళ్ళకద్దుకుని, అప్పుడే ఎవరినైనా దిగమంటాడు. నాకొక తాడు కట్టి జీపు వెనక కొక్కేనికి ముడి వేశాడు. తిరుగు ప్రయాణంలో బండి ముందుకు కదిలితే నేను తాడుతో పాటు వచ్చేస్తాను. అంటే నన్ను చేత్తో తీసే అవసరం ఎవరికీ రాదు. దసరాకి జీపుకి నిమ్మకాయలు కడితే నాకు పసుపు రాసి బొట్టు పెడతాడు. ఆ పూట కాస్త ధైర్యంగా ఉంటుంది నాకు. పసుపు ఆరేదాకానే.

ఆ రోజు శ్రావణమాసపు ముసురు. అనకాపల్లి నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్ళు వచ్చారు. పెద్దావిడ పైడమ్మకి అరవై దాటాయి. మోకాలి ఆపరేషనై నెల తిరగలేదు, కాలు ముడవదు. నడిమావిడ నూకరత్నం. ఆవిడకి ఏ పని చూసినా అది తనే చెయ్యాలని చేతులు దురద. చిన్నావిడ వరహాలు. ప్రయాణం పెట్టించింది పైడమ్మే.

"మబ్బు కాళ్ళ కిందుంటాదంట. సచ్చేలోగా ఓసారి సూడాలే" అని చెల్లెళ్ళ ప్రాణం తోడేసిందట.

ఆవిడకి దిగడం కష్టం కదా అని గాసన్న ఎన్నడూ చెయ్యని పని చేశాడు. వెనక సీట్లోంచే కనిపించేలా జీపు వెనక భాగాన్ని లోయ వైపు తిప్పి, అంచుకి రెండు బారల దూరంలో ఆపాడు. నన్ను పెట్టాడు. కళ్ళకద్దుకున్నాడు. ఎదుటివాళ్ళ ముచ్చట తీర్చాలన్న మంచితనం అప్పుడప్పుడు ఎంత పని చేస్తుందో!

"అమ్మా, టీకి ఊటనీల్లు అట్టుకొస్తాను. బండి జోలికి మాత్రం ఎల్లకండి" అని చెప్పి, డబ్బా పట్టుకుని కిందకి దిగిపోయాడు.

వాళ్ళు బండి జోలికి వెళ్ళలేదు. ఆ మాట మీద నిలబడ్డారు పాపం.

చెల్లెళ్ళిద్దరూ ఇరవై అడుగుల అవతల బండ మీద చిన్న గ్యాస్ పొయ్యి పెట్టారు. ఉల్లిపాయ పకోడీ వెయ్యాలని వాళ్ళ ఆశ. బండ ఏటవాలుగా ఉంది.

"మూకుడు ఒరిగిపోతంది సిన్నప్పా, నూనె ఒలికిపోద్ది" అంది వరహాలు చిన్నక్కతో.

నూకరత్నం చుట్టూ చూసింది. ఆవిడ కళ్ళు నా మీద పడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇదిగో, కొలిసి సేసినట్టుంది!"

"ఒగ్గీయే! పసుపు రాసుంది, ఆడి దేవుడేమో."

"దేవుడైతే మరీ మంచిది. మొదటి వాయి ఆడికే పెడదాం."

అప్పటికి బరువంతా గేరు మీదే ఉంది. నేను ఊరికే చక్రాన్ని ఆనుకుని కూర్చున్నాను. అందుకే రెండు కుదుపులకి ఊడి వచ్చేశాను. ఆవిడ తాడు ముడి కూడా ఓపిగ్గా విప్పింది. వద్దు తల్లీ, వద్దు తల్లీ అని అరుస్తూనే ఉన్నాను. చెక్క అరుపు ఎవరికి వినిపిస్తుంది? లోపల పైడమ్మ మబ్బుల్ని చూసి చూసి కునుకు తీస్తోంది.

పొయ్యి చక్కగా కుదిరింది. నా మీద పొయ్యి, పొయ్యి మీద మూకుడు, మూకుట్లో నూనె. చక్రం కింద లేను, ఇక భయమేముందని మీరు అనవచ్చు. పుట్టాక నేను పడిన భయాలన్నీ ఒక ఎత్తు, ఆ పావుగంట ఒక ఎత్తు. కింద ఉన్నప్పుడు నా భయమల్లా నా గురించే. ఇప్పుడు అక్కడ నా చోటు ఖాళీగా ఉంది, ఆ బండిలో ఒక మనిషి నిద్రపోతోంది, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కొండ మొత్తం మీద నా ఒక్కదానికే తెలుసు.

అంతలో మబ్బు పైకి వచ్చేసింది. తెల్లగా కమ్మేసి చెట్టూ పుట్టా జీపూ అన్నిటినీ మింగేసింది. వాన పెరిగింది. చెల్లెళ్ళు గొడుగు పట్టుకుని పకోడీ మాడిందని పోట్లాడుకుంటున్నారు. అప్పుడు విన్నాను నేను. మబ్బులోంచి 'టక్' మని ఒక చప్పుడు. గేరు జారింది. ఆ తరవాత చక్రం కింద గులకరాయి నలిగింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక రాయి నలిగింది.

నేను లెక్క కట్టుకుంటున్నాను. రెండు బారలు. ఒకటిన్నర. ఎంత వద్దనుకున్నా లెక్క ఆగడం లేదు.

"ఒసే, ఏటే ఇది? పడుకున్నదాన్ని ఉయ్యాలూపుతున్నారేటే!" మబ్బులోంచి పైడమ్మ నవ్వు వినిపించింది.

పొయ్యి దగ్గర చెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. నూకరత్నం చేతిలో జల్లిగరిటె అలాగే ఆగిపోయింది.

"అప్పా!" అని కేక వేసింది.

అప్పుడే నీళ్ళ డబ్బాతో గాసన్న వచ్చాడు. పొయ్యి చూశాడు. పొయ్యి కింద పసుపు చూశాడు. డబ్బా వదిలేసి నన్ను ఒక్క లాగు లాగాడు. మూకుడూ నూనే పకోడీలూ ఎగిరిపడ్డాయి. వేడి నూనెతో కాలుతున్న నన్ను గుండెకి అదుముకుని మబ్బులోకి పరిగెత్తాడు.

అంచుకి బారెడు కూడా లేదు. నన్ను చక్రం కిందకి దోశాడు. ఇక్కడ నిజం చెబుతాను, నవ్వినా సరే. నాకు పారిపోవాలనిపించింది. తడి బురద, నున్నటి ఒళ్ళు, కాస్త పక్కకి జారితే చాలు, బతికిపోతాను. కానీ అప్పటికే టైరు నా పల్చటి కొసని కరిచి పట్టింది. దానితో పాటు నేనూ వెనక్కి జారాను. జారి జారి నా మూల ఒక రాతికి తగులుకుంది. టైరు ఎక్కింది. నడుం దగ్గర ఫెళ్ళుమంది. బండి ఆగింది.

"అమ్మని దింపండి! బేగి!" గాసన్న భుజం బండికి ఆనించి అరిచాడు.

జీపు తలుపు వెనకే ఉంది. అంటే లోయ వైపు. ఎవరో ఒకరు ఆ బారెడు నేల మీదకి వెళ్ళాలి. నూకరత్నం వెళ్ళింది. లోయకి వీపు పెట్టి నిలబడి, "నా మెడ పట్టుకో అప్పా, కిందికి సూడకు" అంది. గొంతు మేకపిల్ల గొంతులా వణుకుతోంది. పైడమ్మ ముడవని కాలు ఈడ్చుకుంటూ జరిగిన ప్రతిసారీ బండి ఊగింది, ప్రతి ఊపుకీ నా బీట పొడవైంది. ఆవిడా వణికింది, నేనూ వణికాను. ఇద్దరం అక్కడే ఉన్నాం.

దిగింది. వరహాలు ఇద్దరినీ ఒక్క గుంజు గుంజి గడ్డి మీద పడేసింది. గాసన్న సీట్లోకి ఎగిరి బండిని ముందుకు దూకించాడు. చక్రం దిగగానే నేను రెండు ముక్కలయ్యాను.

అతను నా ముక్కలు ఏరుకుని వచ్చి, "ఎవులమ్మా తీసినారు?" అని అడిగాడు. పెద్ద గొంతేం కాదు.

"నానే తియ్యమన్నాను బాబూ. బుద్ధి తక్కువై" అంది, నన్ను తీసినప్పుడు నిద్రలో ఉన్న పైడమ్మ.

అంత పచ్చి అబద్ధం అంత నిబ్బరంగా చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. గాసన్న నమ్మాడో లేదో గానీ ఇంకేమీ అడగలేదు. పెద్దముక్కని ఆవిడే అడిగి తెచ్చుకుంది.

ఇప్పుడు నేను అనకాపల్లిలో పైడమ్మ ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను. గాలికి తలుపు కొట్టుకోకుండా దాని కింద కూర్చోవడమే పని. బండి లేదు, లోయ లేదు. అయినా చినుకు పడితే నా బీట దగ్గర సలుపుతుంది.

నిన్న చెల్లెళ్ళిద్దరూ వచ్చారు. సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. తలుపులోంచి జల్లు కొట్టి పైడమ్మ మంచం దాకా వచ్చింది.

"ఒసే నూకా, ఆ సెక్క తీసి తలుపెయ్యే, తడిసిపోతన్నాం" అంది పైడమ్మ.

నూకరత్నం లేచి నా దాకా వచ్చింది. వంగింది. చెయ్యి చాపింది. ఆ చెయ్యి నా మీద పడకుండానే ఆగిపోయింది.

"నాను తియ్యనప్పా" అంది.

వెళ్ళి అక్క పక్కన మంచం మీద కూర్చుంది. వరహాలు కూడా కాళ్ళు పైకి పెట్టుకుంది. ముగ్గురూ ఒక్క దుప్పట్లో ముడుచుకుని, వాన వెలిసేదాకా అలాగే తడిశారు.