కాగితం గుండు

పౌడర్ నది ఒడ్డున పశువులు పెంచే మగవాళ్ళు పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోతారు గానీ, ఏ తుపాకీ గుండు ఎంత దూరంలో ఎన్ని అంగుళాలు దిగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. డెల్మర్ హెగ్లండ్ వాళ్ళలో మరీ ముదిరినవాడు. ఇంట్లో భోజనాల బల్ల సగం అతని త్రాసుకీ, తుపాకీ మందు డబ్బాలకీ, గుండ్ల పెట్టెలకీ అంకితమైపోయింది. మిగిలిన సగంలో అతని భార్య ఇర్మా పళ్ళేలు పెట్టుకోవాలి. శీతాకాలమంతా అతను ఒక్కో గుండునూ తూచి, వెంట్రుకవాసి తేడా ఉన్నదాన్ని కూడా బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి పక్కన పడేస్తాడు. చూసేవాళ్ళకి విసుగొస్తుంది, అతనికి రాదు.

“కాగితానికి చిల్లు పెట్టడానికి ఇంత తతంగమా?” అనేది ఇర్మా. “ఆఫీసుల్లో వాడే చిల్లుల మిషన్ ఒకటి కొనిపెడతాను. ఇంట్లో కూర్చునే పొడుచుకో.”

“నీకేం తెలుసే! వెయ్యి గజాల అవతల గుండు గాలికి లొంగకూడదు. బరువుండాలి, పొడుగుండాలి. నీ ఉడుత గుండ్లు అంత దూరం పోయేసరికి తప్పతాగినట్టు తూలతాయి.”

“తూలితే తూలనీ. నేను అంత దూరం కొట్టను. తగిలినచోట నా గుండు పని పూర్తి చేస్తుంది. నీది తగిలి, దండం పెట్టి, అవతలికి వెళ్ళిపోతుంది.”

ఇద్దరి మాటా నిజమే. ఇర్మా గుండ్లు బొరియ ఉడుతల కోసం చేసినవి. తేలికవి, రాగి తొడుగు పల్చగా ఉంటుంది, దేన్ని తాకినా అక్కడికక్కడే పొడి అయిపోతాయి. మేత భూమిలో ఆ ఉడుతలు తవ్విన బొరియల్లో కాళ్ళు పెట్టి గుర్రాలు, ఆవులు ఎముకలు విరగ్గొట్టుకుంటాయి. అందుకని వసంతం రాగానే ఇర్మా తన సన్న తుపాకీ పట్టుకుని బయల్దేరేది. డెల్మర్ గుండ్లు పోటీల కోసం చేసినవి. గీత గీసినట్టు తిన్నగా పోయి కాగితానికి చిన్న చిల్లు పెడతాయి, అంతే. జింకల కోసం మూడో రకం ఉంది. అది లోపలికి దిగి, పువ్వులా విచ్చుకుని, పెద్ద జంతువునైనా పడగొడుతుంది. జింకల కాలం నవంబరుతో అయిపోయింది కాబట్టి ఆ పెట్టెలు ఇంటి నేలమాళిగలో ఉన్నాయి.

మార్చి నెలాఖరున నది మీద మంచు విరగడం మొదలైంది. ఎద్దుల బండంత మంచుగడ్డలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బురదనీళ్ళలో కొట్టుకుపోతున్నాయి. అవతలి ఒడ్డున చలికాలం మేతకి వదిలిన గుర్రాలు ఎలా ఉన్నాయో చూద్దామని ఇద్దరూ ట్రక్కులో వచ్చారు. పనిలో పనిగా దారిలో ఇర్మా ఉడుతల్ని కాల్చింది. మధ్యాహ్నం ఒడ్డున ట్రక్కు ఆపి, ఫ్లాస్కులో కాఫీ వంచుకుంటూ డెల్మర్ దుర్భిణి పెట్టి చూశాడు. చూసి, కాఫీ కప్పు ట్రక్కు ముందుభాగం మీద పెట్టేశాడు.

“ఏమైంది?”

“ప్లమ్,” అన్నాడు. “కాలు విరిగింది.”

ఇర్మా దుర్భిణి లాక్కుంది. ఐదు వందల గజాల అవతల, ఎండిన గడ్డిలో ఎర్ర గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. ముందు కాలు మోకాలి కింద ఎటుపడితే అటు ఊగుతోంది. పక్కనే బొరియల మట్టి కుప్పలు. మిగతా గుర్రాలు దూరంగా జరిగిపోయాయి. ప్లమ్ తల పైకీ కిందకీ విసురుతోంది. గాలి ఆడని రోజు కావడంతో అది మూలిగిన శబ్దం మంచు చప్పుడు మధ్య ఒకసారి వినిపించింది.

ప్లమ్ ఇర్మా గుర్రం. తల్లి చస్తే సీసాతో పాలు పట్టి పెంచింది. పద్దెనిమిదేళ్ళుగా మంచు తుఫానుల్లో దూడల్ని వెతకడానికి ఆ గుర్రం మీదే వెళ్ళింది. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ బొరియల మీద, నది మీద, తన మీద కూడా. పోయిన వారం అవతలికి వెళ్ళి ఆ ఉడుతల్ని కాల్చాల్సింది. నడుం నొప్పని ఇంట్లో కూర్చుంది.

“వంతెన మీద నుంచి వెళదాం పద,” అంది.

“వంతెన ఎక్కడుంది, ఈ బురద ఎక్కడుంది! గంటకి పైనే పడుతుంది. అంతసేపు అది అలా నిలబడాల్సిందేనా?” డెల్మర్ అప్పటికే సీటు వెనక నుంచి పెద్ద రైఫిల్ తీస్తున్నాడు. “ఇక్కడి నుంచి కొడతాను.”

“దేంతో?”

ట్రక్కులో ఉన్నవి ఇర్మా ఉడుత గుండ్లు, ఆదివారం పోటీలో మిగిలిన డెల్మర్ గుండ్లు ఐదు.

“నీ కాగితం గుండ్లతోనా?” అంది ఇర్మా. “పెట్టె మీదే రాశారు కదయ్యా, జంతువుల మీద వాడొద్దని.”

“వాళ్ళు అలాగే రాస్తారు. గుండు మూతి దగ్గర చిల్లు చూశావా? లోపలికి దిగాక విచ్చుకుంటుంది.”

“ఆ చిల్లు తయారుచేసేటప్పుడు పడేది. విచ్చుకోవడానికి పెట్టింది కాదు. నువ్వే చెప్పావు నాకు.”

“అయితే నీవి వెయ్యనా? అంత దూరం నుంచి చర్మం మీదే పగిలి, పుండు చేసి వదులుతాయి. అది బాగుంటుందా?” గొంతు పెద్దదైంది. “ఇర్మా, నేను ఈ దూరంలో సిగరెట్ పెట్టెని కొడతాను. సరిగ్గా గుండె దగ్గర పెడతాను. గుండెకి చిల్లు పడితే ఏ గుండైతేనేం?”

ఇక్కడే ఇర్మా కాదనాల్సింది. జీవితంలో వెయ్యి విషయాల్లో మొగుణ్ణి కాదన్న మనిషి ఆ ఒక్క విషయంలో ఊరుకుంది. అతని గురి మీద ఆమెకి అంత నమ్మకం. అదీగాక మళ్ళీ ఆ మూలుగు వినిపించింది. “తొందరగా కానీ,” అంది.

డెల్మర్ బోర్లా పడుకున్నాడు. ట్రక్కులో ఉన్న గోధుమ తవుడు సంచి రైఫిల్ కింద పెట్టాడు. అతను అలా పడుకుంటే ఒళ్ళంతా నిమ్మళిస్తుంది. వేలు కూడా కదిలినట్టుండదు. ఊపిరి సగం వదిలాడు, తుపాకీ పేలింది. ఓ క్షణం తర్వాత అవతలి నుంచి తడి గోనె మీద కర్రతో కొట్టినట్టు చప్పుడు వచ్చింది.

“తగిలింది,” అన్నాడు. “విన్నావా?”

ఇర్మా దుర్భిణిలోంచి చూస్తోంది. గుర్రం ఉలిక్కిపడింది. ఓ అడుగు పక్కకి గెంతి, విరిగిన కాలు మోపి, మళ్ళీ ఎత్తేసుకుంది. పడలేదు.

“పడలేదు, డెల్మర్.”

“పడుతుంది. ఆగు.”

ఆగారు. గుర్రం నిలబడే ఉంది. తల వంచి తన పొట్టవైపు చూసుకుంది, ఈగ వాలినప్పుడు చూసుకున్నట్టు. ఆ చూపు ఇర్మా దుర్భిణిలోంచి తిన్నగా వచ్చి గుండెలో దిగింది. డెల్మర్ రెండోది కాల్చాడు. మళ్ళీ అదే చప్పుడు. మళ్ళీ అదే ఉలికిపాటు. ఈసారి ముక్కులోంచి ఎర్రటి నురగ కారడం కనిపించింది.

“తలకి కొట్టు!”

“తల ఊపుతోంది. తప్పితే దవడ ఎగిరిపోతుంది. అదే చోట ఇంకొకటి వేస్తాను.” మూడోది కూడా పేలింది, తగిలింది. ప్లమ్ దగ్గింది. మనిషి దగ్గినట్టే దగ్గింది. కాళ్ళు వెడల్పుగా పెట్టి పడకుండా నిలబడింది. గుర్రాలు అంతే, పడితే లేవలేమని వాటికి తెలుసు. ఊపిరి ఆడనప్పుడు కూడా పడకూడదని చూస్తాయి.

ఇర్మా దుర్భిణి దించింది. డెల్మర్ తుపాకీలో ఇంకో తూటా ఎక్కించబోతున్నాడు. ఎక్కడం లేదు. అతని చేతులు వణుకుతున్నాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ చేతులు వణకడం చూడలేదు, తండ్రిని పాతిపెట్టిన రోజు కూడా.

“ఇంక కాల్చకు,” అంది.

“ఇర్మా, నేను సరిగ్గానే…”

“కాల్చకు అన్నానా! అక్కడే ఉండు. నేను వెళ్తాను.”

ఆమె ట్రక్కు తిప్పింది. వంతెన దాకా దారంతా చక్రాలు బురదలో జారుతూనే ఉన్నాయి. రెండుచోట్ల దిగి, కంచె గుంజలు పీకి చక్రాల కింద తోసింది. ఆ కంచె ఎవరిదో కూడా చూడలేదు. తను చేరేలోపు అది పడిపోతే బాగుండునని ఒకసారి, తను వెళ్ళేదాకా ఒంటరిగా చచ్చిపోకుండా ఉంటే బాగుండునని ఇంకోసారి అనుకుంది. రెండూ ఒకదానికొకటి పొసగని కోరికలని తెలుసు. తెలిసినా రెండూ కోరుకుంది.

ప్లమ్ నిలబడే ఉంది. ముక్కూ ఛాతీ ఎర్రటి నురగతో తడిసిపోయి, మెడ కిందకి వేలాడుతోంది. ఇర్మాని చూసి చెవులు ముందుకి పెట్టింది. పిలిస్తే వచ్చే అలవాటుకొద్దీ ఓ అడుగు వెయ్యబోయింది.

“వద్దమ్మా, వద్దు. నేనే వస్తున్నాను. నిలబడు, నా బంగారం, నిలబడు,” అంటూ ఇర్మా దగ్గరికి వెళ్ళి నుదురు నిమిరింది. ఒక్కో కంటి నుంచి ఎదురు చెవికి గీత గీస్తే ఆ రెండూ కలిసే చోట తన సన్న తుపాకీ మొన పెట్టింది. అంత దగ్గర్నుంచి ఆ తేలిక గుండు చేయాల్సిన పని చేసింది. ప్లమ్ నాలుగు కాళ్ళూ ఒక్కసారి వదిలేసి కూలిపోయింది.

ఇర్మా దాని మెడ మీద తల పెట్టి కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, చలికాలం బొచ్చు చేత్తో పక్కకి తోసి చూసింది. ముందు కాలి వెనక, ఛాతీ పక్కన, దబ్బనంతో పొడిచినట్టు గుండ్రంగా మూడు చిల్లులు. పెన్సిలు పట్టేంత చిన్నవి. వాటి మీద అరచెయ్యి పెడితే మూడూ కిందకే వచ్చేశాయి. అంత దూరం నుంచి, పోటీలో అయితే ఆ కాగితాన్ని చట్రం కట్టించి గోడకి పెట్టుకునేవాడు. డెల్మర్ జన్మలో అంత మంచిగా కొట్టలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. డెల్మర్ ఒడ్డున అదే చోట కూర్చుని ఉన్నాడు. రైఫిల్ తవుడు సంచి మీదే పడి ఉంది. ట్రక్కెక్కి తలుపు వేసుకున్నాడు. కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

“ఎక్కడ తగిలాయి?”

పోటీలో ఎవరైనా గురి తప్పావంటే అతను ఊరుకునే మనిషి కాదు. చిల్లు దగ్గరికి నడిచి వెళ్ళి, వేలు పెట్టి చూపించేవాడు. ఇర్మా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూసింది.

“తగల్లేదు,” అంది.

“ఒక్కటీనా?”

“ఒక్కటీ లేదు. గాలికి పక్కకి పోయుంటాయి.”

“మరి ఆ చప్పుడు?”

“మంచు విరిగిన చప్పుడయ్యుంటుంది.”

“ముక్కులో ఆ నురగ?”

“పడి లేచింది కదయ్యా. నోరు పగిలింది.”

డెల్మర్ తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటిని మోకాళ్ళ మధ్య పెట్టి గట్టిగా బిగించాడు.

“అవును,” అన్నాడు. “గాలి ఎక్కువే ఉంది ఇవాళ. మూడూ తప్పాను.”