మార్తమ్మకు అందాల్సిన మాట

అమరవీరుడి స్తూపం దగ్గర మొదలైన రెండు నిమిషాల మౌనం మర్నాటికి కూడా ముగియదు. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉన్నారు. రేవులో అలలు ఒడ్డుదాకా వచ్చి చప్పుడు చేయకుండా వెనక్కి పోతున్నాయి. బ్యూగిల్ ఊదేవాడి బుగ్గలు ఉబ్బుతున్నాయి, అంతే.

చయనులు గారికి ఇదేం వింతగా లేదు. ఆయన పటాలంలో ధర్మగురువు. పూజారీ ఆయనే, పాస్టరు దొరకనినాడు పాస్టరూ ఆయనే. మంచు కొండ గెలిచిన జవాను దానియేలు తన ఒళ్ళో ప్రాణం విడుస్తుంటే, వచ్చీరాని గొంతుతో యేసు పాట పాడింది ఆయనే. చేరాల్సిన మాట చేరకపోతే మౌనం ఇలాగే మొరాయిస్తుంది.

దానియేలు చివరిగా చెప్పిన ఆ మాట యుద్ధం నాటి నుంచీ ఆయన ఎడమ బుగ్గలో తాంబూలంలా ఉండిపోయింది. స్తూపం మీద చెక్కింది వేరు: జై హింద్ అంటూ నేలకొరిగిన వీరుడని. కలెక్టరు, కల్నలు, ఇంతమంది పెద్దల ముందు అసలు మాట ఎలా అనడం? పైగా శాకాహారి అయిన ఆయన పుట్టి బుద్ధెరిగాక నోట పలకని పదార్థం ఒకటి అందులో ఉంది.

ముందు వరసలో దానియేలు తల్లి మార్తమ్మ. చప్పుడు లేకుండా ఆమె పెదాలు అడుగుతున్నాయి.

"ఆకర్ని మావోడు ఏటన్నాడు బాబూ?"

చయనులు గారు ఒక అడుగు ముందుకు వేస్తారు. ఎవరేమనుకుంటే నాకేం అనుకుని నోరు తెరుస్తారు. బయటికొచ్చేది దానియేలు గొంతు. అతను మౌనం పాటించేవాళ్ళలో లేడు కాబట్టి బాగానే వినిపిస్తుంది.

"పంతులు గారూ, మాయమ్మ ఎండు మెత్తళ్ళ సేపల కూరలో మళ్ళీ వంకాయ ఏసీసుంటాది. నానెంత సెప్పినా ఇనదు. మీరైనా సెప్పండి."

మార్తమ్మ నివ్వెరపోతుంది. తర్వాత పగలబడి నవ్వుతుంది, కళ్ళ నీళ్ళు కారుతుండగానే.

"ఏస్తానురా! రోజూ ఏస్తాను! ఏరుకుని పక్కనెట్టుకో!" అని అరిచి, అందరి వైపూ తిరుగుతుంది. "మావోడేనండీ! అచ్చంగా మావోడే!"

మౌనం పుటుక్కున తెగుతుంది. అలలు, కుక్కలు, సైకిలు బెల్లులు, బ్యూగిల్, ఆగిన చప్పుళ్ళన్నీ ఒక్కసారే మోగుతాయి. కల్నలు టోపీ గాల్లోకి ఎగరేస్తాడు. చయనులు గారికి సంతోషం పట్టరాకుండా ఉంది.

అప్పుడు దానియేలు గెలిచిన కొండ రేవు రోడ్డు మీద నడిచి వస్తుంది. ట్రాఫిక్ పోలీసు లారీలను ఆపి దారి ఇస్తాడు. కొండ వచ్చి మార్తమ్మ ముందు మోకరిల్లుతుంది.

"ఎక్కమంటారేటి?" అంటుంది మార్తమ్మ.

"మీ అబ్బాయి గెలిచిందే కదమ్మా," అంటారు చయనులు గారు.

ఆమె కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కి కూర్చుంటుంది. ముందు బ్యూగిల్, వెనక కొండ, ఊరేగింపు కదులుతుంది. వీధి వీధినా ఆమె మంచు తీసి జనం దోసిళ్ళలో పెడుతుంది. అది వేడివేడిగా, పొగలు కక్కుతూ, అన్నమై ఉంటుంది.