పుట్టకముందే చూలైన గొర్రె

బస్సు వికారాబాద్ డిపో దాటిందో లేదో, కైనాత్ ఒళ్లో లాప్‌టాప్ తెరిచి మరో ప్యాకేజీ దించడం మొదలుపెట్టింది.

వికారాబాద్‌లో డిగ్రీ కలిసి చదివిన మా ఇద్దరికీ లెక్కలు చేయడానికి ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్పారు. ఆ భాష ఒట్టిగా చేసే పని కొంచెమే. ఎక్కడెక్కడి వాళ్లో రాసి ఊరికే ఇచ్చిన ప్యాకేజీలు తెచ్చి దానికి తగిలిస్తే మాత్రం బొమ్మలు గీస్తుంది, చిందరవందర పట్టికల్ని సర్దిపెడుతుంది. కైనాత్‌కు ఈ ప్యాకేజీల పిచ్చి. ఒకదాన్ని పిలిస్తే అది వెంట ఇరవై ప్యాకేజీలను తోలుకొస్తుంది.

"దావత్‌కు ఒక్కర్ని పిలిస్తే ఖాందాన్ మొత్తం దిగినట్టుందే," అన్నాను.

"దిగనియ్యి. బిర్యానీ నువ్వేమన్న వండుతున్నవా? నెట్టు నాది, ఫోన్ నాది. నీకేం ఫికర్?"

ఫికర్ నాకు చాలానే ఉంది. తాండూరులో కందుల మీద పరిశోధన చేసే ఒక చిన్న సంస్థకు ఆర్ తెలిసిన మనిషి కావాలి, ఒక్కరే. ఆ రోజు ఇంటర్వ్యూకు నా వంతు. పని దొరికితే సరే. దొరక్కపోతే సోమవారం నుంచి కొడంగల్ బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించాలి. అమ్మ అప్పటికే మాటిచ్చేసింది. నాకు సొంత లాప్‌టాప్ లేదు. కైనాత్‌ది తాండూరే కాబట్టి లాప్‌టాప్‌తో పాటు తనూ వస్తోంది.

వాళ్లకు చూపించడానికి నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ప్యాకేజీ. అది నేను రాసినదే.

మాది బొంరాస్‌పేట. నాయిన బీరయ్య గొర్లు కాస్తాడు. ఏ గొర్రె ఎప్పుడు పుట్టింది, దాని తల్లి ఏది అన్నది ఒక నోటుబుక్కులో రాస్తాడు. పేజీ పైన సంవత్సరం, కింద తేదీకి బదులు కార్తె, అందులో ఎన్నో రోజు. హస్త 5, స్వాతి 2, అలా. తేదీలు ఎలా రాసినా చదువుతుందని పేరున్న లూబ్రిడేట్ అనే ప్యాకేజీకి ఆ నోటుబుక్కు ఇచ్చాను. అరవై ఒక్క గొర్లకూ అరవై ఒక్కసార్లు ఎన్‌ఏ అని వచ్చింది. ఆర్ భాషలో తెలియదని చెప్పడం అదే. ఇక నేనే కూర్చుని, ఇరవై ఏడు కార్తెలూ మొదలయ్యే రోజుల్ని పంచాంగం చూసి ఎక్కించి, కార్తెను తేదీగా మార్చే ప్యాకేజీ రాశాను. దానికి తన పేరు పెట్టమని కైనాత్ వారం రోజులు వెంటపడింది. కార్తె అనే పెట్టాను.

"గిది చూడు," అంది కైనాత్, బస్సు ధారూర్ దాటుతుంటే. "వంశవృక్షాలు గీసే ప్యాకేజీ. నీ గొర్లకు పెడదాం. ఈనిన నాటికి తల్లి వయసెంతో పక్కన రాసిందంటే మస్తుంటది."

తాండూరు బస్టాండు వచ్చేసరికి బొమ్మ తయారైంది. తల్లులు, పిల్లలు, గీతలు. పెళ్లి పందిరిలా ఉంది. ఒక్కొక్క వయసూ సరిచూసే తీరిక మాకు లేదు.

ఆఫీసులో పెద్ద భీమప్ప సారు. మాటలో కొంచెం కన్నడ యాస. బొమ్మకు దగ్గరగా ముఖం పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ పదిహేడో నంబరు గొర్రె ఈనేనాటికి దాని వయసెంతమ్మా?"

"నూట ముప్పై రోజులు సార్," అని చదివాను.

"గొర్రె చూలు ఎన్ని దినాలు మోస్తది?"

"నూట యాభై సార్."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "అంటే ఇది పుట్టేకంటె ఇరవై దినాల ముందుగాలనే చూలైందన్నట్టు."

కైనాత్ దుపట్టా నోట్లో కుక్కుకుంది. అయినా ముక్కులోంచి నవ్వు వచ్చేసింది. నా కళ్ల ముందు రంగురంగుల చీరలు ఒకదాని మీద ఒకటి విప్పుకుంటున్నాయి.

"మా నాయినకు ఒక్క ఫోన్ చేస్తా సార్," అని అడిగాను. ఆయన తలూపారు. అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచాను. పదిహేడో నంబరంటే మా తెల్ల చెవుల గొర్రె.

"నాయినా, తెల్ల చెవుల గొర్రె ఏ ఏడు పుట్టింది?"

"ఇరవై మూడుల. హస్తల."

"ఈనింది?"

"ఇరవై నాలుగుల. ధనిష్ఠల."

"మరి నాలుగు నెలలకే ఈనిందా?"

"నాలుగు నెల్లేంది? ఏడాది మీద నాలుగు నెలలు. సదువు ఎక్కువై లెక్క దప్పినవా బిడ్డా?"

"జనవరిల ఏడు మారుతది గదా నాయినా."

"గోడ మీది క్యాలెండర్ మారుతది. ఉగాది రాంది ఏడెట్ల మారుతది? పేజీ మీద ఇరవై నాలుగు అని రాస్తే మల్ల ఉగాది దాక గదే నడుస్తది."

అదీ సంగతి. నాయిన రాసిన 2024 ధనిష్ఠ మా క్యాలెండరులో 2025 ఫిబ్రవరి. నా ప్యాకేజీ దాన్ని సంవత్సరం వెనక్కి లాగింది. జనవరి ఒకటికీ ఉగాదికీ మధ్య పడే రోజులకు ఒక సంవత్సరం కలపమని ఒకే ఒక్క వాక్యం రాసి మళ్లీ నడిపాను. పదిహేడో నంబరు వయసు నాలుగు వందల తొంభై ఆరు రోజులైంది. గొర్రె మర్యాద నిలిచింది.

భీమప్ప సారు మాత్రం నవ్వలేదు. లేచి బీరువా తెరిచి నోటుబుక్కుల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పడేశారు. దుమ్ము లేచింది.

"కంది రైతులు రాసిచ్చినయి. జూన్‌ల మిరుగం కార్తెల విత్తినమని, జనవరి ఆఖరుకు శ్రవణం కార్తెల కోసినమని, అంతా ఒకటే ఏడు కింద. మేం కంప్యూటర్‌ల ఎక్కిస్తే, విత్తేకంటె నాలుగైదు నెలల ముందే కోసినోళ్లు మూడు వందల పన్నెండు మంది తేలిన్రు. అబద్ధాలు రాసిన్రని పక్కకు పెట్టించింది నేనే." కట్ట మీది దుమ్ము తుడుస్తూ, "మా నాయిన గూడ ఉగాదికే ఏడు మార్చెటోడు," అన్నారు.

అప్పుడు మొదలైంది ఆయన నవ్వు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కళ్లద్దాలు తీయాల్సి వచ్చింది. కైనాత్ దుపట్టా వదిలేసింది. నేను మామూలుగా పైకి నవ్వే మనిషిని కాదు. ఆ రోజు కుర్చీ పట్టుకుని నవ్వాను.

"సోమవారం నుంచి రా అమ్మా. ముందుగాల ఈ మూడు వందల పన్నెండు మందిని ఒడ్డున పడెయ్యి."

"సోమవారం నేను చీరలు..." అన్నాను, బుర్ర పనిచేయక.

"వస్తది సార్," అంది కైనాత్, నా కాలు తొక్కుతూ.

బల్ల మీంచి గొంతు వినబడింది. ఫోన్ ఎవరమూ పెట్టేయలేదు.

"బిడ్డా, గా సారుకు చెప్పు. నేను గూడ అబద్ధం రాయలే."

భీమప్ప సారు ఫోన్ మీదికి వంగారు. "తెలిసింది పెద్దాయనా. మీ బుక్కు గూడ మాకియ్యాలె."

"ఇయ్యాల గాదు సారూ," అన్నాడు నాయిన. "గా తెల్ల చెవులదే మల్ల ఈనేటట్టున్నది. రాసుకోవాలె."