ఫోటో వచ్చేదాకా

నేను ఒక గడిని. బూడిదరంగు గడిని. నా నడిమధ్య చిన్న సున్నా ఒకటి ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఆ సున్నాకు ఒకచోట చిన్న తెంపు. మీరు ఫోనులో ఏదో ఒక కొట్టువాళ్ళ పేజీ తెరుస్తారు. బొమ్మ ఉండవలసిన చోటికి ఇంకా బొమ్మ రాదు. అప్పుడు మీరు చూసేది నన్నే, చూసి విసుక్కునేదీ నన్నే. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, అలాంటి తువ్వాలును నేను. అసలు మనిషి ఎక్కగానే నన్ను ఎత్తేస్తారు. సీటు కోసం వేసిన తువ్వాలును చూసి మనసుపడి, నాకు ఇదే కావాలన్న మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. ఆమె వల్లే నాకంటూ చెప్పుకోవడానికి ఒక కథ మిగిలింది.

నేను పుట్టింది చీరాలలో, గోలి మార్కండేయులుగారి చీరల కొట్లో. మార్కండేయులు ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. తరవాత కొట్టు పెట్టుకున్నాడు. మగ్గం మాత్రం వెనకగదిలో దుప్పటి కప్పుకుని అలాగే ఉంది. ఆయనకు చీరలకు పేర్లు పెట్టే పిచ్చి ఉండేది. ఏ చీరనూ రంగుతో పిలిచేవాడు కాదు. ‘కోడలి అలక’ అనేవాడు, ‘పట్నం పోయిన పావురం’ అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు బిక్కమొహం వేస్తే, భార్య భద్రావతి వెనకనుంచి “వంగపండు రంగు అమ్మా” అని అర్థం చెప్పేది.

వాళ్ళ అమ్మాయి హిమజ కంప్యూటరు చదువు చదివి, తండ్రి కొట్టుకు ఒక వెబ్‌సైట్ తయారు చేసింది. పేజీ తెరవగానే కొట్లో ఉన్న చీరలన్నీ ఒక్కసారే కనపడాలని మార్కండేయులు పట్టుబట్టాడు. బొమ్మలన్నీ ఒకేసారి బయల్దేరితే, ఆట వదిలాక సినిమాహాలు గేటు దగ్గర జనంలా ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటపడేది కాదు. చూసేవాళ్ళు కాసేపు తెల్లటి తెర వంక చూసి, ఈ కొట్టు ఎత్తేశారేమో అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఓపికగా కాచుకున్నవాళ్ళ కష్టం ఇంకోరకం. ఆలస్యంగా ఒక ఫోటో ఊడిపడేసరికి దాని కింది అక్షరాలన్నీ ఒక్క ఎగురు ఎగిరేవి. ‘వద్దు’ మీద పెట్టబోయిన వేలు ‘కొంటాను’ మీద పడేది. ఒంగోలులో ఒక పెద్దమనిషి తన ప్రమేయం లేకుండా ఒకే చీరను మాటిమాటికీ కొని, అది ఎవరికోసమో ఇంట్లో చెప్పలేక చాలా అవస్థ పడ్డాడు.

వ్యాపారం మూతపడే స్థితికి వచ్చాక తండ్రీకూతుళ్ళు వాదనకు దిగారు.

“షట్టరు ఎత్తగానే అరలన్నీ కనపడాలా వద్దా?” అన్నాడు మార్కండేయులు.

“కనపడాలి. అట్టాగని వచ్చినవాళ్ళ నెత్తిన చీరలన్నీ గుమ్మరిస్తావా నాన్నా? వాళ్ళు ఎటు చూస్తే అటువైపువి తీసి పరుస్తావు కదా. ఇదీ అంతే. పేజీని కిందకి జరిపేకొద్దీ, అక్కడున్న చీరల ఫోటోలు మాత్రమే వస్తాయి. జరపకపోతే రావు.”

“మరి వచ్చిందాకా అక్కడేముండిద్ది? ఖాళీనా? కొట్లో ఖాళీ కనపడకూడదమ్మాయ్, దరిద్రం.”

ఆ దరిద్రం కనపడకుండా హిమజ నన్ను చేసింది. చీర ఫోటో ఎంత ఉంటుందో అంత చోటు ముందే పట్టుకుని నేను నిలబడేదాన్ని కాబట్టి, అక్షరాలు ఎగరడం మానేశాయి. ఒంగోలు పెద్దమనిషి ఇంట్లో శాంతి నెలకొంది.

హైదరాబాదులో నా ఆయుష్షు రెప్పపాటు. రైల్లో కూర్చుని చూసేవాళ్ళ చేతుల్లో కాస్త ఎక్కువ. ఎన్నో అరచేతుల్లో పుట్టి పోయాను. ఒక్కరూ నన్ను ప్రేమగా చూసింది లేదు. కొందరైతే నన్ను వేలితో పొడిచేవాళ్ళు, పొడిస్తే చీర తొందరగా వస్తుందన్నట్టు.

ఆసిఫాబాద్ అవతల అడవుల్లో ఒక ఊళ్ళో ఆత్రం లచ్చుబాయి అనే స్టాఫ్ నర్సు ఉంది. ఆ ఊరికి సిగ్నలు సరిగా రాదు. గుట్ట ఎక్కితే కొద్దిగా తగులుతుంది. ఆమె ఒక సాయంత్రం గుట్ట మీద కూర్చుని మార్కండేయులు పేజీ తెరిచింది. కిందకి జరుపుతూ ‘తొలకరి’ అన్న పేరు దగ్గర ఆగింది. తొలకరి అసలు చిలకపచ్చ చీర. అంచు పసుపు, ఒళ్ళంతా నెమళ్ళు. ఆ ఫోటో చీరాలలో బయల్దేరి గుట్టల మధ్య ఎక్కడో చిక్కుకుపోయింది. ఆమె ముందు నేనున్నాను, నా కింద ఆ పేరుంది. లచ్చుబాయి నన్ను చాలాసేపు చూసింది. విసుక్కోలేదు, పొడవలేదు. సున్నా తిరుగుతుంటే తల కొంచెం పక్కకు వంచి చూసింది. తరవాత ‘కొంటాను’ నొక్కింది. పేరూ ఊరూ అక్షరాలే కదా, సన్నటి సిగ్నల్లోంచి కూడా దూరి చీరాల చేరిపోయాయి.

పార్సిలు అందిన రోజున ఆమె ఫోన్ చేసింది.

“సారు, నేను జూసింది గిది కాదు. మీరు పచ్చది పంపిన్రు.”

“తొలకరి అంటే పచ్చదేనమ్మా. వానపడి చేలన్నీ పచ్చగా…”

“తొలకరంటే మొగులు కద సారు. పచ్చగయ్యేది తర్వాత కద.”

ఆమె మొగులంటున్నది మబ్బునని మార్కండేయులుకు అర్థమైంది. ఆయన పెట్టిన పేరులో తప్పుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. లచ్చుబాయి తన ఫోను తెరను ఫోటో తీసి పంపింది. అందులో ఉన్నది నేను. ఆ ఇంట్లోవాళ్ళు నన్ను నిదానంగా చూడడం అదే మొదలు. హిమజ ఫోను తీసుకుని, అది చీర కాదని, ఫోటో వచ్చేదాకా ఊరికే నిలబడే గడి అని వివరంగా చెప్పింది.

“మంచిగ నిలవడ్డది మేడం,” అంది లచ్చుబాయి. “నాకు గదే గావాలె. తెల్లది కట్టుకుంటే డ్యూటీలున్నవా అంటరు. రంగుది కట్టుకుంటే ఏం పండుగ అంటరు. మా ఆయన పోయినకాన్నుంచి ఏది కట్టుకున్నా అందరు ఏదో ఒకటి అంటనే ఉన్నరు. గిది కట్టుకుంటే ఏమంటరో జూడాలె. ఆ నడుమ గుండ్రం గూడ మరువకుండ్రి.”

భద్రావతి ఒప్పుకోలేదు. “బూడిద రంగు చీరేందయ్యా! కొట్టుకొచ్చినోళ్ళు ఎవురన్నా పోయారా అని అడగరా?” అంది. మార్కండేయులు వెనకగదిలోకి వెళ్ళి మగ్గం మీద దుప్పటి లాగేశాడు.

ముందు నూలుకు నా రంగు పట్టించాలి. అక్కడ వచ్చింది చిక్కు. లచ్చుబాయి పంపిన ఫోటోలో చూస్తే ఆయన ఫోనులో నీలంగా, భద్రావతి ఫోనులో మట్టిరంగుగా కనపడ్డాను. “ఫోటోకి తీసిన ఫోటోలో రంగు చచ్చిపోద్ది, నేరుగా చూడాల్సిందే,” అన్నాడాయన. నేరుగా చూద్దామని పేజీ తెరిస్తే, కొట్లో నెట్ జోరుగా ఉండడం వల్ల నేను కనపడీ కనపడకముందే నెమళ్ళు వచ్చి కూర్చునేవి. మార్కండేయులు వాటిని బూతులు తిట్టాడు. ఫోటోలు రావడం లేదని ఏడ్చిన మనిషే, ఇప్పుడు అవి రాకుండా ఎట్టా ఆపాలా అని బుర్ర బద్దలు కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

చివరికి ఆయనకు ఒక ఉపాయం తట్టింది. పెరట్లో నీళ్ళ సంపు కడిగించి ఖాళీగా ఉంది. బయట నిలబడి ఫోనులో పేజీ తెరిచాడు. కిందకి జరపలేదు. జరపకపోతే ఫోటోలు రావని కూతురు చెప్పింది కదా. అలాగే ఫోను పట్టుకుని, రంగు అద్దిన నూలు కట్టలను, చిలపలంటారు వాటిని, మెడలో దండల్లా వేసుకుని, టార్చి లైటుతో సంపులోకి దిగాడు. భద్రావతి పైనుంచి మూత వేసింది. లోపల సిగ్నలు చచ్చిపోయాక, నెమ్మదిగా పేజీ జరిపాడు. నేను వచ్చాను. నెమళ్ళు రాలేదు.

“వచ్చిందే, వచ్చింది! కదలకుండా నిలబడింది!” అని లోపల్నుంచి అరిచాడు.

“ఎవురొచ్చారంట పిన్నీ?” అని పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది. భద్రావతి సంపు మూత మీద కూర్చుండిపోయింది.

లోపల ఆయన ఒక్కొక్క చిలపనూ నా పక్కన పెట్టి చూశాడు. ఒకదాంట్లో నలుపు పాలు ఎక్కువ, ఒకదాంట్లో నీలం. కళ్ళు చికిలించి, పెదాలు బిగించి నన్నే చూస్తూ కూర్చున్నాడు. నా వెనకాల ఏముందోనని కాక, నాకోసం నన్ను చూసిన రెండో మనిషి ఆయన. బయటికొచ్చాక విషయం విని హిమజ తలపట్టుకుంది.

“నన్నడిగితే కోడులో ఒక్క లైను తీసేసేదాన్ని కదా నాన్నా! ఎంతసేపైనా నిలబడేది.”

“ముందే చెప్పబళ్ళా?” అన్నాడు, చెవిలో దూరిన నూలు పోగు తీసుకుంటూ.

రంగు కుదిరింది. తరవాత సున్నా. తిరిగేదాన్ని బట్ట మీద నిలబెడితే ఏ క్షణంలో నిలబెట్టాలి? తెంపు పైన ఉన్నప్పుడా, కింద ఉన్నప్పుడా? అన్నం తింటూ కూడా మార్కండేయులు కంచంలో వేలితో సున్నాలు గీశాడు. ఆఖరికి అంచు పొడుగునా చిన్న చిన్న సున్నాలు నేశాడు. మొదటిదానికి తెంపు పైన. దాని పక్కదానికి కొంచెం కుడికి. ఆ పక్కదానికి ఇంకొంచెం. అలా అంచంతా తెంపు చుట్టు తిరిగి వచ్చింది. మగ్గం మీంచి దించాక హిమజ ఆ చీర కట్టుకుని గదిలో అటూఇటూ నడిచింది. కుచ్చిళ్ళు కదిలినప్పుడల్లా సున్నాలు గిర్రున తిరిగినట్టే ఉంది. భద్రావతి దగ్గరికి వచ్చి కుచ్చిళ్ళు సర్ది, “ఇంకోసారి నడువు,” అంది.

చీర అడవి చేరాక లచ్చుబాయి మళ్ళీ ఫోన్ చేసింది. మార్కండేయులు స్పీకరు పెట్టాడు.

“కట్టుకున్నావామ్మా? ఏమన్నారు?”

“ఎవ్వరేమనలె సారు. డ్యూటీ అనలె, పండుగ అనలె. ఊకె జూసిన్రు.” గుట్ట మీది గాలి ఫోనులో హోరుమంది. “చానా ఏండ్లయింది సారు, నన్ను ఎవలన్న ఊకె జూసి.”

మార్కండేయులు ఫోను హిమజకు ఇచ్చేశాడు.

ఆ చీర సంగతి నర్సుల మధ్య పాకింది. కావాలంటూ కబుర్లు మొదలయ్యాయి. మార్కండేయులు దాన్ని కూడా పేజీలో పెట్టించాడు. ఇక మొదలైంది అసలు గోల. నేను తప్పుకుని ఆ చీర ఫోటో వచ్చినా తేడా తెలిసేది కాదు. బూడిద పోయి బూడిద వచ్చేది.

“ఏమండీ, పొద్దుట్నుంచి చూస్తన్నా, ఫోటో రాలా,” అని గుంటూరు నుంచి ఒకావిడ.

“వచ్చిందమ్మా. అదే చీర.”

“మరి సున్నా తిరగట్లేదే?”

“నువ్వు కట్టుకుని నడిస్తే తిరిగిద్దమ్మా.”

ఇంకొందరు ప్రతి గడినీ చీరే అనుకున్నారు. ‘కోడలి అలక’ కొన్నవాళ్ళూ బూడిదరంగే కావాలని గొడవ, ‘పట్నం పోయిన పావురం’ కొన్నవాళ్ళూ బూడిదే కావాలని గొడవ. పావురం విషయంలో వాళ్ళదే న్యాయమని భద్రావతి కూడా అంది. హిమజకు విసుగొచ్చి నన్ను తీసేయాలని నిర్ణయించింది. ఇకనుంచి ఫోటో వచ్చేదాకా ఏ చీర చోట ఆ చీర రంగే లేతగా కనపడుతుందట.

“కొట్టు నిలబెట్టిన పిల్లమ్మాయ్ అది,” అన్నాడు మార్కండేయులు బతిమాలుతూ.

“అందుకే పూర్తిగా చెరపట్లేదు నాన్నా. ఆపేసి పక్కన ఉంచుతున్నా.”

అలా నేను ఇప్పుడు పేజీ వెనకాల, ఎవరికీ కనపడని వరుసల్లో పని లేకుండా ఉన్నాను. ముందు చాలా దిగులుపడ్డాను. ఎవరో ఒకరు రావాలని ఎదురుచూసి తప్పుకోవడమే తప్ప, ఊరికే ఉండడం నాకు రాదు. అలవాటు కావడానికి సమయం పట్టింది.

వానాకాలంలో లచ్చుబాయి చీరాల వచ్చింది. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదట. భద్రావతి పట్టుబట్టి, కొట్టు కట్టేయించి, అందరినీ పక్కనే ఉన్న ఓడరేవు ఊరికి, సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళింది. మబ్బు పట్టి ఉంది. లచ్చుబాయి ఆ చీరలోనే నీళ్ళలోకి దిగింది. అల వచ్చినప్పుడు ఆమె భయపడలేదు గానీ, ఒడ్డునే పుట్టి పెరిగిన భద్రావతి కెవ్వుమని ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ వెంటనే ఇద్దరూ నవ్వుతుంటే హిమజ ఫోటో తీసింది. తెచ్చి పేజీలో, నా పక్క వరుసలోనే పెట్టింది. నీళ్ళు నా రంగు, ఆకాశం నా రంగు. చీర ఎక్కడ అయిపోయిందో సముద్రం ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం.

మర్నాడు నెల్లూరు నుంచి ఎవరో ఒకాయన ఫోన్ చేశాడు.

“మీ పేజీలో ఫోటో సగమే వచ్చిందండీ. ముందు ఆడమనుషులు ఇద్దరూ నవ్వుతా కనపడతన్నారు. వెనకాలంతా ఇంకా రాలేదు. ఎప్పటికొస్తాది?”

మార్కండేయులు ఫోను చెవికి పెట్టుకునే ఆ ఫోటో వంక చూశాడు.

“మనుషులొచ్చారుగా బాబూ,” అన్నాడు. “చాల్లే.”