మేస్త్రీగారు చేసిన ప్రార్థన

మా మోర్మన్ క్రైస్తవ సంఘంలో మిషనరీగా వెళ్ళిన కుర్రవాణ్ణి ఎల్డర్ అంటారు. అంటే పెద్ద. మీసాలు సరిగ్గా మొలవని పంతొమ్మిదేళ్ళవాడికి పెద్దరికం అంటగట్టి, తెల్లచొక్కా తొడిగించి, జేబుకి నల్ల బ్యాడ్జి తగిలించి, రెండేళ్ళపాటు ఊరివాళ్ళ తలుపులు తట్టమని పంపుతారు. ఒంటరిగా కాదు, జంటగా. జంటలో ఒకడు రెండోవాడి కంటికి కనపడేంత, మాట వినపడేంత దూరంలోనే ఉండాలి. అది నియమం. ఆ నియమమే నా కొంప ముంచిందనుకునేవాణ్ణి. ఎందుకంటే నా జంటవాడికి నేను పెట్టుకున్న పేరు నిదానం.

నేను చిన్నప్పటినుంచీ కాలుకాలిన పిల్లిని. వాడు బూటు లేసు కట్టుకునేసరికి నేను వీధి మొగలో ఉండేవాణ్ణి, నియమం గుర్తొచ్చి తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవాణ్ణి. తలుపు తట్టాక నేను పది లెక్కపెట్టి పక్కింటికి నడిచేవాణ్ణి. వాడు కదిలేవాడు కాదు. "లోపల పెద్దవాళ్ళుంటే లేచి రావద్దూ?" అనేవాడు. ఒక్కోసారి నిజంగానే ఓ ముసలావిడ కర్ర ఊతంతో వచ్చి తలుపు తీసి, మేం ఎవరమో తెలుసుకుని, మళ్ళీ మూసేసేది. "చూశావా, వచ్చారు" అనేవాడు వాడు, ఏదో గెలిచినట్టు.

అప్పటికి నేను మిషన్‌కి వచ్చి పదకొండు నెలలు. ప్రతివారం పంపే నివేదికలో కొత్తగా ఎంతమందికి బోధించారన్న చోట సున్నా, ఒకటి, మళ్ళీ సున్నా. పొద్దున్నే ఆరున్నరకి లేవాలంటే ఏడుపొచ్చేది. లోకానికి సంతోషవార్త చెప్పడానికి వచ్చినవాణ్ణి, నా మొహంలో సంతోషం భూతద్దం పెట్టి వెతికినా దొరికేది కాదు. చివరికి మిషన్ అధ్యక్షులవారికి ఫోన్ చేసి ఇంటికి వెళ్ళిపోతానని చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "గురువారం సాయంత్రం నాలుగింటికి నేనే చేస్తాను బాబూ. అప్పటికీ ఇదే మాటైతే టికెట్ తీయిస్తాను. ఫోన్ మాత్రం ఎత్తు" అన్నారు.

నిదానం పక్కనే ఉన్నాడు, ఉండాలి కాబట్టి. అంతా విన్నాడు. మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి వాడి చొక్కాతోపాటు నా చొక్కా కూడా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మేం పాఠం చెప్పడానికి వెళ్ళేది బూట్ల మేస్త్రీగారింటికి. తిరిగి తిరిగి మా బూట్ల అడుగులు అరిగిపోవడం వల్ల ఏర్పడిన పరిచయం అది. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆయనకి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. కొట్టు ఆయన భార్యే నడుపుతోంది. మొదటిరోజు ఆవిడ నా బూటుకి మేకులు కొట్టడం అయ్యాక, మేకు లేని చోట సుత్తితో ఊరికే రెండుసార్లు కొట్టి ఇచ్చింది.

"ఇదెందుకమ్మా?" అని అడిగాను.

"ఆయన అలవాటు బాబూ. పని పూర్తయిందని గుర్తు. ఆ రెండు దెబ్బలు వినపడితేనే బెంచీ మీద వాళ్ళు లేచేవాళ్ళు" అంది.

సంఘం నియమం ప్రకారం మేం టీ కూడా ముట్టమని తెలిసి ఆవిడ వేడినీళ్ళు ఇచ్చేది. "టీ లేదు, సినిమా లేదు, ఆడపిల్లతో మాట లేదు. మీకన్నా మా ఆయన బతుకే నయం" అని నవ్వేది. మేస్త్రీగారు కూడా సగం మొహంతో నవ్వేవారు.

మాకో పద్ధతి ఉంది. పాఠం అయ్యాక ముగింపు ప్రార్థన ఇంటివాళ్ళలో ఒకరిని చేయమంటాం. అందరం చేతులు కట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకుంటాం. ఆమేన్ అనేదాకా తెరవం. ఆ ఇంట్లో ఎప్పుడూ ఆవిడే చేసేది. ఆవేళ పాఠం చివర్లో ఉండగా కొట్టులోంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది. నేను గోడ గడియారం చూస్తున్నాను. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుంది. గబగబా ముగిస్తే మెట్లమీద నిలబడి ఫోన్ మాట్లాడొచ్చు. అంతలో నిదానం అలవాటుకొద్దీ పక్కకి తిరిగి అడిగేశాడు.

"మేస్త్రీగారూ, ఇవాళ ముగింపు ప్రార్థన మీరు చేస్తారా?"

అడిగాక నాలుక కరుచుకున్నాడు. వాడు తొందరపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

మేస్త్రీగారు వాడివంక కాసేపు చూశారు. తరవాత తల ఊపారు.

ఇంక చేసేదేముంది? చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాం. గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మాట లేని ప్రార్థన అయిపోయిందని ఎలా తెలుస్తుందో మాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. నా జేబులో ఫోన్ గుర్రుమంది. ఎత్తితే చాలు, రేపో ఎల్లుండో మా ఇల్లు, నా మంచం, పొద్దెక్కేదాకా నిద్ర. ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఫోన్ చూడటానికి కళ్ళు తెరిచాను.

మేస్త్రీగారు ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తుతున్నారు. మాలాగే చేతులు కట్టుకోవాలని. ఎత్తిన చెయ్యి జారి ఒళ్ళో పడింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ జారింది. మూడోసారికి గుండెల మీద నిలిచింది. నుదురంతా చెమట. పెదవులు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మాట కోసం వెతుక్కుని మళ్ళీ కదులుతున్నాయి. ఒక్క శబ్దం లేదు. ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు, ఎంత ఆలస్యమైనా ఆ ఎదుటివాడు లేచి వెళ్ళిపోడన్న ధీమాతో మాట్లాడుతున్నారు. గుమ్మంలో ఆవిడ, చేతిలో సగం కుట్టిన బూటుతో, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

పదకొండు నెలలుగా ఊరందరికీ ప్రార్థన గురించి చెబుతున్నాను. ప్రార్థన చేసే మనిషిని చూడటం అదే మొదలు. దేవుడు ఆ గదిలో ఉన్నాడు. అది నాకు ఎవరూ చెప్పక్కరలేకపోయింది. పది లెక్కపెట్టి నేను వదిలేసి వచ్చిన తలుపులన్నీ గుర్తొచ్చాయి. వాటి వెనక ఎంతమంది ఇలాగే, మూడోసారికి లేవగలిగి, గుమ్మందాకా వచ్చి చూసుకున్నారో.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు, లెక్కపెట్టలేదు. అరికాళ్ళలోంచి ఏదో హాయి పైకి పాకుతోంది. ఆ ప్రార్థన అప్పుడే అయిపోకూడదనిపించింది.

కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు వినపడ్డాయి. టక్, టక్.

ముందు ఆమేన్ అన్నది గుమ్మంలో ఉన్న ఆవిడ. తరవాత మేం. ఆవిడ వచ్చి ఆయన నుదురు తుడుస్తూ, "ఆ దెబ్బలు ఈయన కొట్టి రెండేళ్ళయింది బాబూ" అంది. నేను తల ఎత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

మెట్లమీదికి వచ్చి అధ్యక్షులవారికి ఫోన్ చేశాను. నాలుగూ ఇరవై అయింది.

"రెండుసార్లు చేశాను, ఎత్తలేదేం?" అన్నారాయన.

"ప్రార్థనలో ఉన్నామండి."

"ఇంతసేపా? ఎవరు చేశారు?"

"బూట్ల మేస్త్రీగారండి. మాట పడిపోయిందని నివేదికలో రాశానే, ఆయన."

"మరి టికెట్ సంగతి?" అన్నారు.

"వచ్చే గురువారం కూడా ఆయన్నే అడగాలండి. నేనుండాలి."

నిదానం కింది మెట్టుమీద కూర్చుని లేసు కట్టుకుంటున్నాడు. అంతా విన్నాడు, వినాలి కాబట్టి. ఎప్పుడూ తప్పని ముడి ఈసారి తప్పింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను వాడి పక్కన కూర్చున్నాను.

"తీరిగ్గా కట్టుకో" అన్నాను.